ఇంటర్నేషనలా, సీబీఎస్‌ఈనా? ముందు నోటుబుక్కు తెరిచి చూడండి

పిల్లల పరీక్షలు అయిపోయాయంటే చాలు, మా ఇంట్లో ఫోను మోగడం మొదలవుతుంది. నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి కావలి దాకా, ఆ పైన ఒంగోలు కర్నూలు రోడ్డు దాకా ఉన్న మా చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: పిల్లల్ని ఇంటర్నేషనల్ స్కూల్లో వేద్దామా, సీబీఎస్‌ఈలో వేద్దామా? ఎనిమిదేళ్ళు సీబీఎస్‌ఈ బడిలో, తర్వాత ఆరేళ్ళు కేంబ్రిడ్జి సిలబస్ నడిపే బడిలో సైన్సు చెప్పాను కాబట్టి నన్నడిగితే తేలిపోతుందని వాళ్ళ నమ్మకం. ఈ ఏడాది ఆ ప్రశ్నకు తోక కూడా వచ్చింది. మా చిన్నదాన్ని నేనే కేంబ్రిడ్జి నుంచి తీసి సీబీఎస్‌ఈ ఆరో తరగతిలో చేర్పించాను. "ఏందక్కా, ఆ చదువును అంత మెచ్చుకుంటివి గదా, నీ బిడ్డనే ఎందుకు తీస్తివి?" అంది మా తోడికోడలు. ఫోన్లో ఆమెకు చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. గేటు మీద ఇంటర్నేషనల్ అని రాసుకున్న బడుల్లో సీబీఎస్‌ఈవి చాలానే ఉంటాయి. అందులో తప్పేమీ లేదు, పేరు పేరే. నేను ఇంటర్నేషనల్ అంటున్నది విదేశీ బోర్డు చదువును, మన వైపు చెప్పుకోవాలంటే ముఖ్యంగా కేంబ్రిడ్జిని. కొన్నిచోట్ల అయిదో తరగతి దాకా కేంబ్రిడ్జి పుస్తకాలు చెప్పి, ఆ పైన సీబీఎస్‌ఈకి మార్చేస్తారు. అందుకే చేర్చేముందే అడగాల్సినవి రెండు: పదో తరగతి పరీక్ష ఏ బోర్డుది, పోయిన ఏడాది ఆ పరీక్ష ఎంతమంది రాశారు. రెండో ప్రశ్నకు నీళ్ళు నమిలితే మొదటి జవాబును కూడా నమ్మొద్దు.

ఇక తరగతి గదిలోకి వద్దాం. కేంబ్రిడ్జి బడిలో ఏడో తరగతికి కిరణజన్య సంయోగక్రియ చెబుతూ ఒకసారి నేను ఇచ్చిన ప్రశ్న ఇది: "రొయ్యల గుంటలో ఏరేటర్లు రాత్రిపూటే ఎక్కువ ఎందుకు తిప్పుతారు?" ఏరేటరంటే నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రం. నెల్లూరు పిల్లలకు రొయ్యల గుంట కొత్తేమీ కాదు. సగం మంది ఇళ్ళల్లో ఎవరో ఒకరికి ఇందుకూరుపేట వైపో ముత్తుకూరు వైపో గుంటలుంటాయి. ఒక పిల్లాడు "రాత్రి రొయ్యలు ఎక్కువ ఊపిరి పీలుస్తాయి" అని రాశాడు. నేను అడ్డగీత కొట్టలేదు. పక్కన ఇలా రాసిచ్చాను: "పీలుస్తాయేమో. మరి పగలు గుంటలోకి ఆక్సిజన్ ఎక్కడి నుంచి వస్తోంది?" వాడు వాళ్ళ నాన్ననడిగాడు. "నీళ్ళు బాగా పచ్చగా ఉన్న గుంటకే తెల్లవారుజామున భయంరా" అన్నాడట ఆయన. మర్నాడు వాడు ఇంకో ప్రశ్న పట్టుకొచ్చాడు. పచ్చగా ఉండేది నాచే కదా, నాచు ఆక్సిజన్ ఇస్తుంది కదా, మరి భయం ఎందుకు? అక్కడ నుంచి ఇంకో రెండు రోజులకు గానీ అసలు విషయం వాడికి తట్టలేదు: ఎండ ఉన్నప్పుడే నాచు ఆక్సిజన్ ఇస్తుంది, ఊపిరి మాత్రం రాత్రీ పగలూ పీలుస్తూనే ఉంటుంది. రాత్రంతా రొయ్యా నాచూ కలిసి వాడేస్తే తెల్లారేసరికి నీళ్ళల్లో ఆక్సిజన్ అడుగంటుతుంది. మూడోసారి రాసిన జవాబులో ఇదంతా వాడి మాటల్లోనే ఉంది.

ఒక్క ప్రశ్నకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నా పాత బడిలో పాఠం ముగిసి, యూనిట్ టెస్టు కూడా అయిపోయేది.

అక్కడ నేను చేసిందీ చెప్పాలి. అదే తప్పు జవాబు సీబీఎస్‌ఈ తరగతిలో వస్తే ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి, కింద "కరెక్షన్స్ మూడుసార్లు రాయి" అని పెట్టేదాన్ని. పిల్లాడు బోర్డు మీద ఉన్న నిర్వచనం మూడుసార్లు ఎక్కించేవాడు. దాన్ని సిలబస్ తప్పు అనను. ఇప్పుడు సీబీఎస్‌ఈ తొమ్మిది, పది తరగతుల ప్రశ్నపత్రాల్లో సగం మార్కులు బట్టీకి అందని ప్రశ్నలకే, అంటే ఒక సందర్భం ఇచ్చి ఆలోచించి రాయమనే వాటికే. రొయ్యల గుంట ప్రశ్న రేపు అందులోనూ రావొచ్చు. తేడా ప్రశ్నలో లేదు, తప్పు రాసిన తర్వాత ఆ పిల్లాడికి ఏం జరుగుతుందన్న దానిలో ఉంది. పధ్నాలుగేళ్ళు రెండు వైపులా చెప్పాక నాకు తేలింది ఇదే. స్మార్ట్ బోర్డులు, ఈతకొలను, గుర్రపు స్వారీ, ఇంగ్లిష్ ఉచ్చారణ, ఇవన్నీ దీని ముందు దిగదుడుపు.

తప్పును పట్టించుకోవడానికి టీచరుకు టైము కావాలి. లెక్క వేసి చూద్దాం. ఒక్కో పుస్తకానికి అయిదు నిమిషాలు. కేంబ్రిడ్జి బడిలో నాకు సెక్షనుకు 18 మంది, నాలుగు సెక్షన్లు. వారానికి ఒకసారి అందరివీ దిద్దితే 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు. కష్టమే, కానీ అవుతుంది. పాత బడిలో సెక్షనుకు 45 మంది, అయిదు సెక్షన్లు: 1,125 నిమిషాలు, దాదాపు పందొమ్మిది గంటలు. ఇంట్లో అన్నం వండుకోవద్దా మరి? అందుకే టిక్కు, సంతకం, తేదీ. ఆ టిక్కుల్లో నావీ వేలకొద్దీ ఉన్నాయి, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

ఇంతవరకు చదివితే కేంబ్రిడ్జికే నా ఓటు అనిపిస్తుంది. పద్ధతి వరకు అంతే, దాచేదేమీ లేదు. కానీ పద్ధతి సిలబస్ పుస్తకంలో ఉండదు, టీచరు ఎర్ర పెన్నులో ఉంటుంది. నేను పనిచేసిన బడిలో చివరి ఏడాదికి ఒక్కో సెక్షనులో 34 మంది అయ్యారు. మాకు గంటల దూరంలోనే చెన్నై ఉంది. కేంబ్రిడ్జి పాఠం బాగా చెప్పడం వచ్చిన టీచరుకు అక్కడ జీతం ఎక్కువ, వెళ్ళిపోతారు. మా పాపకు ఆ ఒక్క ఏడాదిలో ముగ్గురు సైన్సు టీచర్లు మారారు. దసరా సెలవుల్లో దాని నోట్సు తిరగేస్తే పేజీకొక "గుడ్", అక్కడక్కడ ఒక నవ్వు ముఖం స్టిక్కరు. తప్పు జవాబు పక్కన కూడా స్టిక్కరే! నా పాత టిక్కు కంటే అది ఏ రకంగా మేలు?

తర్వాత ఒక మామూలు సీబీఎస్‌ఈ బడికి వెళ్ళాను. పెద్ద బిల్డింగేమీ కాదు, ఆటస్థలం కూడా అంతంత మాత్రం. ఆరో తరగతి పిల్లల పాత నోట్సు చూపించమన్నాను. ఆఫీసులో కాసేపు తటపటాయించి, నాలుగు తెచ్చారు. ఒకదాంట్లో ఒక పిల్ల "ఉప్పు మళ్ళల్లో ఎండకు నీళ్ళు ఆవిరై ఉప్పు మిగులుతుంది" అని రాసింది. పూర్తి మార్కులు వేయదగ్గ జవాబే. పక్కన సైన్సు మాస్టారు సన్నటి అక్షరాలతో, "మరి మబ్బు పట్టి బాగా గాలి తోలిన రోజున?" అని రాశారు. కింద ఆ పిల్ల జవాబు, దాని కింద మళ్ళీ ఆయన రాత. తరగతిలో 32 మంది, ఆయన ఆ బడిలో పదకొండేళ్ళ నుంచి ఉన్నారు. ఇంకేం చూడాలి? మర్నాడే ఫీజు కట్టేశాను.

పదో తరగతి తర్వాత ఏమిటన్నది అందరికీ పెద్ద టెన్షన్. నారాయణ సంస్థలు పుట్టిన ఊరు మాది. ఇక్కడ పిల్లాడు పుట్టగానే ఇంటర్లో ఎంపీసీయా బైపీసీయా అనే మాట మొదలవుతుంది. కేంబ్రిడ్జి పదో తరగతిని, అంటే ఐజీసీఎస్‌ఈని మన దగ్గర గుర్తిస్తారు, కాకపోతే సబ్జెక్టుల ఎంపిక జాగ్రత్తగా చూసుకోవాలి. లెక్కల్లో తేడా ఒకటి చెబుతాను. మామూలు ఐజీసీఎస్‌ఈలో ఎక్స్‌టెండెడ్ అనే పై స్థాయి లెక్కల్లో సైన్ రూలు, కొసైన్ రూలు ఉంటాయి, సీబీఎస్‌ఈ పదిలో ఉండవు. సీబీఎస్‌ఈ పదిలో ఉండే త్రికోణమితి సర్వసమీకరణాలు మాత్రం ఐజీసీఎస్‌ఈలో అడిషనల్ మ్యాథ్స్ అనే విడి సబ్జెక్టు తీసుకున్నవాళ్ళకే వస్తాయి. 2025కు ముందు మామూలు ఐజీసీఎస్‌ఈ లెక్కల పరీక్ష మొత్తం కాలిక్యులేటరుతోనే రాసేవాళ్ళు, ఇప్పుడు ఒక పేపరు అది లేకుండా రాయాలి. ఇంటర్ తర్వాత రాసే ఈఏపీసెట్లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి ఒక నిమిషం పైన కొన్ని సెకన్లు. కేంబ్రిడ్జి పిల్లలకు ఆ వేగం రావడానికి ఇంటర్ మొదటి ఏడాది సగం పడుతుంది. నా దగ్గర చదివి ఇంటర్లో చేరినవాళ్ళలో నేను చూసింది అదే. వేగం నేర్చుకోవచ్చు. తప్పు ఎక్కడ జరిగిందో తానే వెతుక్కునే అలవాటును పదహారేళ్ళకు కొత్తగా నేర్పడం మాత్రం చాలా కష్టం. కాబట్టి ఇంటర్ భయంతోనే ఇంటర్నేషనల్ వద్దనుకుంటే అది సరైన కారణం కాదంటాను.

తెలుగు సంగతి నాకు నొప్పిగానే ఉంటుంది. ఐజీసీఎస్‌ఈలో హిందీ తీసుకోవచ్చు, ఫ్రెంచి తీసుకోవచ్చు, తెలుగు లేదు. కింది తరగతుల్లో బడి తన ఇష్టం కొద్దీ తెలుగు చెబుతుంది, పైకి వచ్చేసరికి ఆ పీరియడ్ ఎగిరిపోతుంది. సీబీఎస్‌ఈలో పదో తరగతి దాకా తెలుగు సబ్జెక్టుగా తీసుకోవచ్చు. మా అత్తగారు మనవరాలికి రాసిన ఉత్తరం మా పెద్దది కూడబలుక్కుని చదివింది, చిన్నది గడగడా చదవాలని నా కోరిక. అయినా ఈ ఒక్క కారణంతోనే బడి మార్చేదాన్నా? మార్చేదాన్ని కాదేమో.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేముంది, మీ జేబు మీకు తెలుసు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఐజీసీఎస్‌ఈలో పరీక్ష ఫీజు సబ్జెక్టుకింత అని బడి ఫీజు కాక విడిగా ఉంటుంది. తొమ్మిదో తరగతికి వచ్చాక ఉలిక్కిపడే బదులు ముందే కనుక్కోండి.

ఐబీ అనే ఇంకో విదేశీ బోర్డు గురించి కూడా అడుగుతారు. దానికోసం చెన్నై, హైదరాబాద్ లాంటి దూరపు ఊళ్ళకు పోవాల్సిందే, పిల్లల్ని హాస్టల్లో వేసేంత అవసరం నాకైతే కనిపించలేదు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల్లోకి ఐబీ తెస్తామని ఒప్పందం చేసుకుంది, తర్వాత ప్రభుత్వం మారింది, ఆ కబురు చల్లబడింది. మన దేశంలోదే ఇంకో బోర్డు ఐసీఎస్‌ఈలో ఇంగ్లిష్ గట్టిగా చెబుతారు, అంతకుమించి నాకు దానితో పరిచయం లేదు. నవోదయలో ఆరో తరగతి సీటు వస్తే మాత్రం ఈ వ్యాసం పక్కన పడేసి చేర్పించండి. స్టేట్ సిలబస్‌లో ఇప్పుడు లెక్కలు, సైన్సు సీబీఎస్‌ఈ పిల్లలు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలే కాబట్టి దాన్నీ తక్కువ చేసి చూడక్కర్లేదు, అక్కడా నోటుబుక్కే చూడాలి.

ఎలా చూడాలంటే, వేసవిలో కొత్త పుస్తకాల అట్టలు చూపిస్తారు, అవి వద్దు. అయిపోయిన ఏడాది నోట్సు అడగండి, అదీ జనవరి, ఫిబ్రవరి పేజీలు. జూన్‌లో అందరూ బాగానే దిద్దుతారు. మార్కులు బాగా వచ్చే పిల్లది కాకుండా మధ్యస్థంగా చదివే పిల్లది అడగండి. తప్పు జవాబు వెతకండి. దాని పక్కన ఏముంది? దాని కింద పిల్ల మళ్ళీ ఏమైనా రాసిందా? రాస్తే టీచరు దాన్ని మళ్ళీ చూశారా? ఆ టీచరు వచ్చే ఏడాది ఉంటారా అని కూడా అడగండి. మొహమాటపడితే కుదరదు.

మా తోడికోడలు ఇదంతా విని ఒంగోల్లో రెండు బడులకు వెళ్ళింది. ఒక ఇంటర్నేషనల్ బడిలో నోట్సు పిల్లల దగ్గరే ఉన్నాయన్నారట. రెండోది సీబీఎస్‌ఈ. అక్కడ కట్ట తెచ్చి ఎదురుగా పెట్టారు, తిరగేస్తే అన్నీ ఒకే దస్తూరిలో ఉన్న టిక్కులు. "రెండూ లాభం లేదక్కా, ఇప్పుడేం చేయమంటావ్?" అంది. మొదటి బడిలో చదివే పిల్లలు వాళ్ళ వీధిలోనే ఇద్దరున్నారు. శనివారం వాళ్ళింటికి వెళ్ళి నోట్సు అడిగి చూస్తానంది.