సియోల్‌లో నాలుగు వారాల కే-పాప్ ట్రైనీ కోర్సు: డ్యాన్స్‌కి డబ్బులివ్వొచ్చు, ఆడిషన్‌కి వద్దు

రేటింగ్ ఐదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

సియోల్ మెట్రో రెండో లైన్‌లో హాంగిక్ యూనివర్సిటీ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న డ్యాన్స్ అకాడమీ ఇది. పేరు రాయడం లేదు. ఆ చుట్టుపక్కల ఇలాంటివి చాలానే ఉన్నాయి, ప్యాకేజీలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కొరియా బయట పెరిగిన వాళ్ల కోసం ‘ట్రైనీ అనుభవం’ అని నాలుగు వారాల కోర్సు నడుపుతున్నారు. ట్రైనీ అంటే కే-పాప్, అదే కొరియా పాప్ సంగీతంలో, స్టార్ కావడానికి శిక్షణ తీసుకునేవాళ్లు. ఫీజు 28 లక్షల వాన్లు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ డ్యాన్స్, వారంలో మూడు రోజులు పాట, రెండు రోజులు కొరియన్ భాష, చివర్లో స్టూడియోలో తీసిచ్చే వీడియో, ఆ తర్వాత ‘ఏజెన్సీ ఆడిషన్’, అంటే స్టార్లని తయారుచేసే కంపెనీల ఎంపిక పరీక్ష. బస, తిండి మన ఖర్చే.

నేను పదో తరగతి దాకా కూచిపూడి నేర్చుకున్నాను, కాలేజీలో కవర్ డ్యాన్స్ (పాటల్లోని స్టెప్పుల్ని ఉన్నదున్నట్టు చేసే) టీమ్‌లో ఉన్నాను. ఇరవై నాలుగేళ్లొచ్చాక ఐడల్ (కే-పాప్ స్టార్) అయిపోతానన్న భ్రమ ఏమీ లేదు. రెండు నిమిషాల వీడియోలో అంత తేలిగ్గా కనిపించే దాని వెనక ఏం నేర్పిస్తారో నా ఒంటితో నేను తెలుసుకోవాలనుకున్నాను, అంతే.

డ్యాన్స్ క్లాసుకి మాత్రం వంక పెట్టలేను. స్టూడియో భూమి కింద అంతస్తులో ఉంటుంది. ఒక గోడంతా అద్దం. అద్దం ముందు నేల మీద టేపు అంటించి అంకెలు రాసి ఉంటాయి: మధ్యలో సున్నా, అటూ ఇటూ ఒకటి, రెండు, మూడు. ఎవరు ఏ బీట్‌కి ఏ అంకె మీద ఉండాలో ముందే రాసిచ్చేస్తారు. “నువ్వు రెండున్నర మీద ఉండాలి, రెండు మీద ఉన్నావు” అని మేడమ్ అన్నప్పుడు మొదట నవ్వొచ్చింది. వీడియో చూశాక నవ్వు పోయింది. ఆ అర అంకె తేడాకి నా వెనకున్న బ్రెజిల్ అమ్మాయి మొహం కెమెరాకి పూర్తిగా మూసుకుపోయింది.

మొదటి వారమంతా ఒక్క కోరస్. మొత్తం కలిపి అరనిమిషం ఉంటుందేమో. దాన్ని ఫోన్‌లో తీసి, సగం స్పీడులో పెట్టి, ఆపి ఆపి చూపిస్తారు. మా ఆరుగురి మోచేతులు ఒకే కోణంలో ఉన్నాయా, తల తిప్పడం ఒకే క్షణంలో మొదలైందా అని. జర్మనీ అమ్మాయి మా అందరికంటే జానెడు పొడుగు. ఆమె చెయ్యి పూర్తిగా చాపితే వరస చెడుతుందని, చాపకుండానే చాపినట్టు కనబడేలా భుజం దగ్గర ఎలా సర్దుకోవాలో ఒక పూటంతా నేర్పించారు. బాగా డ్యాన్స్ చేసేవాళ్లని తగ్గించి చేయమనడం నేను ఇంతకుముందు ఎక్కడా చూడలేదు.

నాకు పెద్ద చిక్కు కాళ్ల దగ్గర వచ్చింది. కూచిపూడిలో అడుగు పడితే చప్పుడు వినబడాలి. ఇక్కడ షూ చప్పుడు వినిపిస్తే చాలు, మేడమ్ పాట ఆపేసేవారు. అరమండికి అలవాటుపడ్డ మోకాళ్లు తెలియకుండానే వంగిపోయేవి. అయితే పిక్కల్లో బలం, లెక్క తప్పకపోవడం, అలసిపోయినా చిరునవ్వు చెదరనివ్వకపోవడం, ఇవి ఎక్కడికీ పోలేదు. శాస్త్రీయ నృత్యం నేర్చుకున్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే భయపడకండి. ఒడిశాలోని రూర్కెలా నుంచి వెళ్లి 2022లో బ్లాక్‌స్వాన్ అనే కే-పాప్ గ్రూపులో చేరిన శ్రియా లెంకా కూడా ఒడిస్సీ నేర్చుకున్న అమ్మాయే.

ఇక అసలు డబ్బులు గిట్టుబాటైంది కెమెరా క్లాసులో. బ్రోషర్‌లో దీన్ని ఒక్క లైనులో రాసి వదిలేశారు. ఎందుకో అర్థం కాదు, నేనైతే దీన్నే పైన పెద్దక్షరాల్లో వేసేదాన్ని.

గదిలో మూడు కెమెరాలు పెడతారు. ఏది రికార్డు చేస్తుంటే దాని మీద ఎర్రలైటు వెలుగుతుంది. పాటలో మన వంతు మూడు నాలుగు సెకన్లు. వంతు రాకముందే, తిరుగుతూ ఉండగానే, ఎర్రలైటు ఎక్కడుందో కంటి చివరతో పట్టుకోవాలి. తల తిప్పి వెతికితే దొరికిపోతాం. చెయ్యి ఎటు వెళ్తే చూపు అటు వెళ్లాలని చిన్నప్పుడు గురువుగారు నేర్పిన కళ్లు నావి. చెయ్యి కుడికి వెళ్తుంది, నడుము ఎడమకి తిరుగుతుంది, చూపు మాత్రం ఆ ఎర్రచుక్క మీద నుంచి కదలకూడదు. కళ్లు చేతి వెంట పరిగెత్తిన ప్రతిసారీ సార్ కెమెరా వెనక నుంచి చిటిక వేసేవారు. మూడో వారానికి ఆ చిటిక కలలో కూడా వినిపించింది.

పాట అయిపోయాక ఉండే క్లోజప్ కూడా ఇదే క్లాసులో నేర్పిస్తారు. ఇన్‌కిగాయో, మ్యూజిక్ బ్యాంక్, ఎం కౌంట్‌డౌన్ లాంటి కొరియా టీవీ మ్యూజిక్ షోలు చూసేవాళ్లకి తెలుసు: మ్యూజిక్ ఆగిపోయాక కెమెరా ఒక్కరి మొహం మీదే నిలబడిపోతుంది. ఎదురుగా చూస్తుంటే ముద్దుగా ఉంటుంది కానీ, ఆ క్షణంలో గుండె గొంతులో కొట్టుకుంటూ ఉంటుంది. నోరు తెరిచి ఎగశ్వాస పీలిస్తే స్క్రీన్ మీద బాగోదు, ఊపిరి బిగబడితే మొహం ఎర్రబడుతుంది. పెదాలు కొంచెం విడిచి, భుజాలు కదలనివ్వకుండా, ఊపిరిని పొట్టలోకి దింపాలి. ఈలోగా ఒకే ఒక్క చిన్న కదలిక, జుట్టు చెవి వెనక్కి తోసుకోవడమో, కనుబొమ్మ ఎత్తడమో. రెండు చేస్తే అతి. సార్ స్టాప్‌వాచ్ పట్టుకుని, పాట మొత్తం చేయించి మరీ ఇది ప్రాక్టీస్ చేయించేవారు. తాజాగా, హాయిగా ఉన్నప్పుడు చేస్తే లెక్కలోకి రాదట.

పాట క్లాసు మాత్రం నిరాశ. ఆరుగురికి కలిపి యాభై నిమిషాలు. తలా ఎనిమిది నిమిషాల్లో గొంతుకి ఏం చెయ్యగలరు? ఉన్నంతలో పనికొచ్చింది ఉచ్చారణ ఒక్కటే. మన నోటికి ప్రతి మాటా అచ్చుతో ముగియాలి. కొరియన్‌లో మాట చివర ప, క, ట లాంటివి వస్తే గాలి బయటికి వదలకుండా అక్కడే మింగేయాలి. నేను చివర్లో చిన్న ‘ఉ’ తగిలించేదాన్ని, దాంతో లైన్‌కి ఒక అక్షరం పెరిగి తాళం తప్పేది. టీచర్ నా పెదాల ముందు కాగితం ముక్క పెట్టి, మాట అయ్యేసరికి అది కదలకూడదనేవారు. చక్కగా పనిచేసింది. అలాంటిది ఇంకో గంట చేయించి ఉంటే ఎంత బాగుండేదో.

కొరియన్ భాష క్లాసులో అక్షరాలు కూడా రానివాళ్లనీ, రెండేళ్లు చదువుకుని వచ్చినవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. ఇద్దరికీ నష్టమే. తెలుగువాళ్లకి వాక్యం అల్లిక తేలిగ్గానే వస్తుంది, క్రియ చివరికే వెళ్తుంది, పెద్దవాళ్లతో ఒకలా చిన్నవాళ్లతో ఒకలా మాట్లాడటం మనకి కొత్త కాదు. కాబట్టి అక్షరాలు ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లండి. స్టూడియోలో ఆర్డర్లన్నీ కొరియన్‌లోనే అరుస్తారు. అనువాదం చేసే అమ్మాయి నోరు తెరిచేలోపు నాలుగు బీట్లు అయిపోతాయి.

మూడో వారంలో షెడ్యూల్‌లో లేని ఒక గంట దొరికింది. ఇంతకుముందు ఏజెన్సీలో పనిచేసిన ఒకావిడ వచ్చి కాంట్రాక్టుల గురించి మాట్లాడారు. వ్యాపారాల్లో అన్యాయాల్ని అరికట్టే కొరియా ప్రభుత్వ సంస్థ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 2009లో ప్రామాణిక కాంట్రాక్టు తెచ్చాక ఏడేళ్ల గడువు అన్నది మామూలైందని, అదే ఏడాది టీవీఎక్స్‌క్యూ గ్రూపులో ముగ్గురు తమ 13 ఏళ్ల కాంట్రాక్టు మీద కోర్టుకెళ్లారని చెప్పారు. శిక్షణకి పెట్టిన ఖర్చు కొన్ని కంపెనీలు డెబ్యూ (తొలిసారి జనం ముందుకు రావడం) తర్వాత వచ్చే ఆదాయంలోంచి పట్టుకుంటాయట, అందుకే పాట హిట్ అయినా చేతికి డబ్బు రావడానికి సమయం పడుతుంది. విదేశీయులకి దీని మీద ఇంకో మెలిక. టూరిస్టు వీసా మీద స్టేజీ ఎక్కి సంపాదించడానికి వీల్లేదు. కళాకారులకిచ్చే ఈ-6 వీసా కావాలి, దానికి వెనక కంపెనీ నిలబడాలి. సూపర్ జూనియర్ గ్రూపులో ఒకప్పుడు ఉన్న చైనా అబ్బాయి హాన్ గెంగ్, మొదట్లో విదేశీయుడన్న కారణంగా కొన్ని చానళ్లలో కనబడకూడదని మాస్కు వేసుకుని స్టేజీ మీద చేశాడని చెబితే గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ ఒకటిన్నర మార్కు సంగతి.

ప్యాకేజీలో అందరినీ లాగేది చివరి రోజు ‘ఏజెన్సీ ఆడిషన్’. ఇంగ్లిష్ వెబ్‌సైట్‌లో ‘ఏజెన్సీ ప్రతినిధులు హాజరవుతారు’ అని స్పష్టంగా రాశారు. మా బ్యాచ్‌లో ఇంకో తెలుగమ్మాయి ఉండేది, పదిహేడేళ్లు, వాళ్లమ్మగారు వెంట వచ్చారు. నన్ను “అక్కా” అని పిలుస్తూ వెనకే తిరిగేది. ఆ పిల్లకి వారం ముందు నుంచే టెన్షన్‌తో అన్నం సయించలేదు. తీరా ఆ రోజు గదిలో స్టాండు మీద ఒక కెమెరా, దాని పక్కన రిసెప్షన్‌లో రోజూ మాకు లాకర్ తాళాలిచ్చే అబ్బాయి, అంతే. వీడియో ఏజెన్సీలకి పంపిస్తామన్నారు. వాళ్లమ్మగారు నన్ను పక్కకి పిలిచి, “ఏమ్మా, ఆ కూర్చున్నాయన ఏ కంపెనీ అతను?” అని అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు.

కొన్నాళ్లకి ఫలితం ఈమెయిల్‌లో వచ్చింది. అందరికీ అదే నాలుగు వాక్యాలు, పేరు ఒక్కటే తేడా. ఏ ఏజెన్సీకి పంపారని అడిగితే ‘గోప్యత’ అన్నారు. ఆడిషన్ వరకైనా డబ్బు వెనక్కిమ్మంటే నిబంధనల్లో లేదన్నారు. ఆ నిబంధనల కాపీ కొరియన్‌లో మాత్రమే ఉంది, అందులో ‘ప్రతినిధులు లేదా వీడియో ద్వారా’ అని ఉంది. ఆ ‘లేదా’ ఇంగ్లిష్ పేజీలోకి రాలేదు.

అసలు కడుపుమండే విషయం ఏంటంటే, పెద్ద కంపెనీల ఆడిషన్లకి రూపాయి, వాన్ ఏదీ కట్టక్కర్లేదు. వాళ్ల సొంత సైట్లలో వీడియో పెట్టొచ్చు, వాళ్లే దేశాలు తిరుగుతూ ఆడిషన్లు పెడతారు. బ్లాక్‌పింక్ గ్రూపులోని లీసా 2010లో థాయిలాండ్‌లోనే వైజీ కంపెనీ ఆడిషన్‌లో నెగ్గింది, ఆ తర్వాత ఏడాది కొరియా వెళ్లింది, డెబ్యూ అయింది 2016లో. అంటే అన్నేళ్ల శిక్షణ, ఎంపికైన తర్వాత కూడా. నాలుగు వారాల కోర్సుకి చివర ఆడిషన్ తోక తగిలించి అమ్మడం మోసం అనను గానీ, పదిహేడేళ్ల పిల్లల ఆశతో బేరం అంటాను. ఇప్పుడు కొరియా దాకా వెళ్లడమే దారి అని కూడా లేదు. కొరియా కంపెనీ హైబ్, అమెరికా కంపెనీ గెఫెన్ కలిసి కట్టిన కాట్సై గ్రూపు 2024లో లాస్ ఏంజెలెస్ కేంద్రంగానే వచ్చింది, అందులో లారా రాజ్ భారతీయ మూలాలున్న అమెరికా అమ్మాయి.

బస గురించి రెండు ముక్కలు. అకాడమీ చూపించిన గోషివాన్‌లో (ఇరుకు అద్దె గదుల బసలో) నెలకి 6 లక్షల వాన్లు. మంచం, బల్ల, వాటి మధ్య నిలబడేంత చోటు. వంటగది అందరిదీ, అన్నం, కిమ్చీ ఊరికే పెడతారు. శాకాహారులు కిమ్చీ చూసి సంబరపడకండి, మామూలుగా అందులో చేపల సాసో, ఉప్పు రొయ్యలో ఉంటాయి. నా నెలంతా అన్నం, గుడ్డు, వెంట తీసుకెళ్లిన కందిపొడితో గడిచింది.

మెచ్చుకోవాల్సింది ఇంకొకటుంది. ట్రైనీ అనుభవం పేరుతో ఎవరినీ బరువు తూచలేదు, తిండి మీద ఆంక్షలు పెట్టలేదు. అడుగుతారేమోనని బ్రెజిల్ అమ్మాయి భయపడుతూనే ఉంది. మోకాలు వాచిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టి, ఐస్ ఇచ్చి, కళ్ల ప్రాక్టీస్ మాత్రం చేయమన్నారు.

ఎవరు వెళ్లొచ్చు? డ్యాన్స్ ఇప్పటికే వచ్చి, దానికి సాన పెట్టుకోవాలనుకునేవాళ్లు, ఊళ్లో సొంత టీమ్ నడుపుకునేవాళ్లు, నేర్పించేవాళ్లు. పాట కోసమైతే వద్దు. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు డబ్బు కట్టకముందే ఆడిషన్‌కి ఏ కంపెనీ నుంచి ఎవరొస్తారో ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. కొరియన్ నిబంధనల్ని ఫోన్ అనువాదంలో పెట్టయినా ఒకసారి చదవండి. ఆడిషన్ లేకుండా కోర్సు ఒక్కటే తీసుకుంటామని అడిగితే 23 లక్షల వాన్లకే ఇస్తున్నారని మా తర్వాతి బ్యాచ్ అమ్మాయి చెప్పింది. సైట్‌లో ఆ రేటు కనబడదు, మనమే అడగాలి. బయట వేసుకునే షూతో స్టూడియోలోకి రానివ్వరు కాబట్టి, గట్టి అడుగున్న ఇంకో జత తెల్ల అడుగు షూ వెంట ఉంచుకోండి. నల్ల అడుగైతే నేల మీద మరకలు పడతాయని గుమ్మం దగ్గరే ఆపేస్తారు.