కేట్ బ్లాంచెట్: స్టేజీయా, సినిమానా, టీవీనా?

మనలో చాలామందికి కేట్ బ్లాంచెట్ అంటే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో తెల్లబట్టల గలాడ్రియెల్, లేదంటే ‘థోర్: రాగ్నరాక్’లో నల్ల కొమ్ముల హేలా. ఆ రెండూ కాసేపు పక్కన పెడదాం. ఈ ఆస్ట్రేలియా నటి అసలు బలం ఎక్కడుందో తేలాలంటే, దాదాపు ఒకే రకం మనిషిని ఆవిడ రెండు చోట్ల చేసింది, అది చూడాలి.

2009లో సిడ్నీ థియేటర్ కంపెనీ ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ నాటకం వేసింది. దర్శకురాలు లివ్ ఉల్మన్. ఉన్నదంతా పోగొట్టుకుని, న్యూ ఆర్లీన్స్‌లో చెల్లెలి ఇరుకింట్లో వచ్చి పడే బ్లాంచ్ పాత్ర బ్లాంచెట్‌ది. నాలుగేళ్లకి వుడీ అలెన్ ‘బ్లూ జాస్మిన్’ వచ్చింది. ఇక్కడా అదే వరస: మొగుడి మోసాలు బయటపడి, ఐశ్వర్యం ఆవిరై, శాన్ ఫ్రాన్సిస్కోలో తోబుట్టువు ఇంటికి చేరిన జాస్మిన్.

స్టేజీ మీద దాక్కోవడానికి చోటుండదు. ఒక రోజు బ్లాంచ్ చెల్లెలి మొగుడు స్టాన్లీ వేషం వేసిన జోయెల్ ఎడ్గర్టన్ సీన్ ప్రకారం విసిరిన రేడియో వచ్చి ఆవిడ తలకి తగిలింది. ఆ రోజు ఆట అక్కడితో ఆపేశారు. సినిమా అయితే ఇంకో టేక్ తీసుకునేవాళ్లు, మనకి తెలిసేదే కాదు.

కానీ స్టేజీ ఇవ్వలేనిది ఒకటుంది. ‘బ్లూ జాస్మిన్’ చివర్లో తడి జుట్టుతో పార్కు బెంచీ మీద కూర్చుని తనలో తనే గొణుక్కుంటుంది చూడండి, ఆ పెదాల కదలిక హాల్లో వెనక వరసవాళ్లకి ఏం కనిపిస్తుంది? అది కెమెరా సొత్తు. 2014లో ఉత్తమ నటి ఆస్కార్ ఆ పాత్రకే. ముందు నాటకంలో రాత్రుల తరబడి బ్లాంచ్‌గా బతక్కపోతే ఆ గొణుగుడు అంత సహజంగా వచ్చేదా అని నా అనుమానం.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు. బ్లాంచెట్ లెక్క వేరు. 2008లో ఒకేసారి రెండు సినిమాలకి ఆస్కార్ నామినేషన్లు వచ్చిన ఏడాదే, భర్త ఆండ్రూ అప్టన్‌తో కలిసి సిడ్నీ థియేటర్ కంపెనీ బాధ్యత నెత్తికెత్తుకుంది, 2013 దాకా మోసింది. ఏ నాటకాలు వేయాలన్న దాని నుంచి థియేటర్ పైకప్పు మీద సోలార్ పలకల దాకా పట్టించుకుంది. కెరీర్ పరంగా ఇది నష్టమనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

టీవీ మూడో స్థానమే. 2020లో ‘మిసెస్ అమెరికా’లో అమెరికా రాజ్యాంగంలో ఆడవాళ్ల సమాన హక్కుల సవరణని అడ్డుకున్న ఫిలిస్ ష్లాఫ్లీగా 9 ఎపిసోడ్లు బాగా లాగింది. తీరిగ్గా విప్పి చెప్పే వీలు టీవీది, నిజమే. అదే ఏడాది ఆస్ట్రేలియా వలస నిర్బంధ కేంద్రాల మీద వచ్చిన ‘స్టేట్‌లెస్’లో మాత్రం నటిగా కంటే, సిరీస్‌ని పుట్టించినవాళ్లలో ఒకరిగానే ఆవిడ ముద్ర ఎక్కువ.

మరి ఏది మేలు? ఆవిడకి స్టేజీ, మనకి సినిమా. సిడ్నీ వెళ్లి నాటకం చూసే యోగం ఎంతమందికి ఉంటుంది! అయితే ఆ సినిమాల్లోనూ స్టేజీ వాసన ఉన్నవే ఎంచుకోండి. మన ‘మిస్టర్ ఇండియా’ తీసిన శేఖర్ కపూర్ 1998లో తీసిన ‘ఎలిజబెత్’ ముగింపులో, జుట్టు కత్తిరించి, ముఖానికి తెల్లరంగు పూసుకుని రాణి సభలోకి నడిచొస్తుంది. అచ్చంగా రంగప్రవేశమే అది. 2022 నాటి ‘టార్’లో సంగీతం క్లాసు సీన్ సుమారు పది నిమిషాలు, ఎక్కడా కట్ లేదు. ఒక్కటే చూసే టైముంటే అదే పెట్టుకోండి, ఆ పది నిమిషాలు ఫోన్ మాత్రం పక్కగదిలో ఉంచండి.