నెగెటివ్ మన చేతికిచ్చే కెమెరా: జూనోక్యామ్ ముడి చిత్రాలతో నా అనుభవం

ఇరవై ఆరేళ్లు డార్క్ రూమ్‌లో పనిచేశాను. ఎవరు ఏ ఫోటో చూపించినా నాకు ముందు వచ్చే ప్రశ్న ఒకటే, నెగెటివ్ ఉందా అని. ప్రింటు మీద ఎవరెవరి చెయ్యి పడిందో చెప్పలేం. ఒకరు ఆకాశాన్ని ముదురు చేసి ఉంటారు, ఇంకొకరు టచింగ్ పేరుతో ముఖం మీది గీతలు చెరిపేసి ఉంటారు. గ్రహాల ఫోటోలు చూసినప్పుడల్లా ఈ ప్రశ్నే మనసులో మెదిలేది. అడగడానికి మనిషి ఉండేవాడు కాదు. జూనోక్యామ్ సంగతి తెలిశాక ఆ కొరత తీరింది.

నాసా పంపిన జూనో నౌక 2011 ఆగస్టులో బయల్దేరి 2016 జులైలో గురుగ్రహం కక్ష్యలోకి చేరింది. అందులోని మిగతా పరికరాలన్నీ శాస్త్రవేత్తల పని కోసమైతే, జూనోక్యామ్ అనే ఈ చిన్న కెమెరాను మొదటి నుంచీ జనం కోసమని పెట్టారు. తీసినది తీసినట్టు మిషన్ వెబ్‌సైట్‌లో ఉంచుతారు. మనం దించుకుని మనకు తోచినట్టు ప్రింటు తయారుచేసుకోవచ్చు, దాన్ని తిరిగి అక్కడే అందరికీ చూపించొచ్చు. రుసుమేమీ లేదు.

అయితే దించుకోగానే గురుడు కనపడతాడని అనుకోకండి. వచ్చేది పొడుగాటి నలుపు తెలుపు పటం, దాని నిండా అడ్డంగా సన్నని పట్టీలు. ఒకటి నీలం ఫిల్టర్‌లోంచి, తర్వాతది ఆకుపచ్చ, ఆపైది ఎరుపు, మళ్లీ నీలం. ఇలా ఎందుకంటే జూనో తన చుట్టూ తాను నిమిషానికి రెండుసార్లు తిరుగుతూ ఉంటుంది. తిరిగే బల్ల మీద కూర్చుని ఫోటో తీయాలి, కింద చూస్తే సూర్యుడి వెలుతురు మనకు వచ్చేదాంట్లో పాతికో వంతు కూడా లేదు. అందుకని సెన్సార్ మీదే ఫిల్టర్లను పట్టీలుగా అతికించారు. నౌక తిరుగుతుంటే దృశ్యం ఒక్కో పట్టీ మీదుగా జారుతుంది. ఆ జారుడుకి సరిపోయేలా సెన్సార్ లోపల వెలుతురు పుట్టించిన విద్యుదావేశాన్ని కూడా వరుస వెంట వరుస జరుపుతూ వెలుతురు కూడగడతారు. కదిలే మనిషితో పాటే కెమెరాను తిప్పుతూ షట్టర్ నొక్కడం మా వాళ్లందరికీ తెలుసు. ఇక్కడ ఆ పని సెన్సార్ లోపలే జరుగుతోందని అర్థమైన రోజు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

నేను మొదట పట్టుకున్నది 2017 జులైలో గురుడి మీది భారీ తుపాను అయిన పెద్ద ఎర్ర మచ్చ మీదుగా, దాదాపు 9,000 కి.మీ. ఎత్తులో వెళ్లినప్పుడు తీసిన పటం. మూడు రంగుల పట్టీలూ విడదీసి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, ఒకదాని మీద ఒకటి వేశాను. ప్రెస్సులో రంగు పక్కకి జరిగిన క్యాలెండర్ లాగా మచ్చకి ఒకవైపు ఎర్ర అంచు, ఇంకోవైపు నీలి అంచు వచ్చాయి. మధ్యలో సరిచేస్తే అంచుల్లో చెదిరింది, అంచుల్లో సరిచేస్తే మధ్యలో. నాలుగు రాత్రులు కంటి అంచనాతోనే కుస్తీ పట్టాను. కారణం తర్వాత తెలిసింది. ఒకే మేఘం నీలం పట్టీ కిందికి ఒక క్షణంలో వస్తే ఎరుపు పట్టీ కిందికి ఇంకో క్షణంలో వస్తుంది, ఈలోగా నౌక కదిలిపోతుంది. గ్రహానికి అతి దగ్గరగా వచ్చేటప్పుడు దాని వేగం గంటకు 2 లక్షల కి.మీ. పైమాటే.

దానికి కావలసినది కూడా పటంతో పాటే ఇస్తారు. ఎప్పుడు తీయడం మొదలైంది, ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య ఎంత సమయం అనేది చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. ఆయా క్షణాల్లో నౌక ఎక్కడ ఉందో, ఎటు తిరిగి ఉందో నాసా విడిగా ఇచ్చే 'స్పైస్' ఫైళ్లలో దొరుకుతుంది. ఈ రెండూ కలిపి లెక్క కట్టి పేర్చాక పట్టీలు అతుక్కున్నాయి, రంగుల అంచులు పోయాయి. లెక్కలంటే భయం ఉన్నవాళ్లకి ఈ సేవ కష్టమే. ముందే చెప్పడం మంచిది.

రంగు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మీరు చూసే ముదురు నీలి సుడుల గురుడు ప్రింటు చేసినవాళ్ల సొత్తు. రంగులు పెంచకుండా వేస్తే గురుడు పాలిపోయిన గోధుమ రంగులో, మెత్తగా ఉంటాడు. పెంచడం తప్పు అనను. సుడుల్లోని పోగులు కనపడాలంటే కాంట్రాస్ట్ పెంచాలి, శాస్త్రవేత్తలూ పెంచుతారు. కానీ పెంచామని ప్రింటు కింద రాయాలి. రాయని ప్రింట్లు చాలా చూశాను, బాధేసింది. ఇక్కడ అనుమానం వస్తే నేనే వెళ్లి అసలు పట్టీలు తెరిచి చూసుకోగలను.

జనం కోసం పెట్టిన కెమెరా కదా, సైన్సుకు ఏం ఒరిగింది అని అడిగేవాళ్లుంటారు. గురుడి దక్షిణ ధ్రువం దగ్గర నడుమ ఒక తుపాను, చుట్టూ మరో ఐదు తుపాన్లు కొలువుదీరిన దృశ్యం ఈ కెమెరాకి ఎండ వెలుగులోనే చిక్కింది. ఉత్తర ధ్రువం చీకట్లో ఉండటంతో అక్కడ ఒకదాని చుట్టూ ఎనిమిది ఉన్నాయని నౌకలోనే ఉన్న, వేడిని చూసే పరారుణ పరికరం చూపించింది. 2020 డిసెంబరు 30న ఉత్తర ధ్రువం దగ్గరి సుడిలో ఆకుపచ్చగా మెరిసిన పిడుగు కాంతి కూడా ఇలాంటి ముడి పటంలోనే దొరికింది. దాన్ని ప్రింటు చేసినది కెవిన్ గిల్ అనే ఔత్సాహికుడు. జర్మనీ గణితజ్ఞుడు గెరాల్డ్ ఐష్టెట్ ఈ పట్టీలతో చేసిన పని ఆయన్ని పరిశోధన పత్రాల్లో సహరచయితను చేసింది.

నాకు బాగా ఇష్టమైనది క్లైడ్ ఫోస్టర్ కథ. ఆయన అప్పట్లో దక్షిణాఫ్రికాలో సొంత టెలిస్కోపుతో గురుణ్ని చూసేవాడు. 2020 మే 31న మీథేన్ ఫిల్టర్ పెట్టి చూస్తుంటే ఎర్ర మచ్చ దగ్గర అంతకుముందు లేని తెల్లటి చుక్క కనపడింది. ఆ ఫిల్టర్ వదిలే వెలుగును గురుడి గాలిలోని మీథేన్ వాయువు మింగేస్తుంది కాబట్టి అందులో తెల్లగా కనపడేది బాగా పైకి లేచిన మేఘమే. రెండు రోజులకే, జూన్ 2న, జూనో ఆ పక్కగా వెళ్లి దాన్ని దగ్గర్నుంచి తీసింది. అది 'క్లైడ్స్ స్పాట్' అయింది. జూనోక్యామ్‌లో కూడా మీథేన్ ఫిల్టర్ ఉంది, ఆ పటాలు విడిగా వస్తాయి. వాటికి రంగు కలపాల్సిన పని లేదు, నలుపు తెలుపు ప్రింటు వేసిన చేతికి అవే హాయి.

ఇక మన్నిక. నౌకలోని సున్నితమైన ఎలక్ట్రానిక్సుని టైటానియం పెట్టెలో దాచారు గానీ ఈ కెమెరా ఆ పెట్టె బయటే ఉంది. గురుడి చుట్టూ ఉండే రేడియేషన్ దాన్ని మెల్లగా తినేసింది. 47వ ప్రదక్షిణకి చిత్రాల్లో మచ్చలు మొదలయ్యాయి, 56వ దానికి దాదాపు అన్నీ పాడయ్యాయి. పాడైన ఆ పటాలు కూడా దాచకుండా పెట్టారు, అందుకు నా నమస్కారం. 2023 డిసెంబరులో, గురుడి ఉపగ్రహం అయో దగ్గరికి వెళ్లడానికి కొద్ది రోజుల ముందు, చివరి ప్రయత్నంగా కెమెరా హీటర్‌ని పూర్తిగా పెంచి వేడెక్కించారు. లోహం కాచి గుణం తెచ్చినట్టు, ఆ వేడికి బొమ్మ తేరుకుంది. డిసెంబరు 30న 1,500 కి.మీ. ఎత్తు నుంచి అయో స్పష్టంగా వచ్చింది.

2024 ఫిబ్రవరి 3 నాటి అయో పటాల్లో ఒకటి నా గోడ మీద ఉంది. అది అయో రాత్రి వైపు. సూర్యుడు లేడు, గురుడి మీద పడి తిరిగివచ్చిన వెలుగే దీపం. 1997లో నాసా పాత నౌక గెలీలియో తీసినప్పుడు ఏమీ లేని చోట ఈసారి 180 కి.మీ. మేర లావా ప్రవాహాలు, గంధకపు మరకలు ఉన్నాయి. కొత్త అగ్నిపర్వతం. ఆ నీడల్లో వివరం పోకుండా ప్రింటు తేవడానికి నాకు పదకొండుసార్లు పట్టింది. చిత్రంలోని వెలుగు మెట్లను తగ్గించి, 12 బిట్ల నుంచి 8 బిట్లకి కుదించి పంపుతారు కాబట్టి, ఆ కుదింపును ముందు విప్పకుండా వెలుగు పెంచితే నీడలు తప్పుగా వస్తాయి. ఇది మర్చిపోకండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గురుడితో కాకుండా 2021 జూన్ 7న 1,038 కి.మీ. దగ్గర్నుంచి తీసిన గురుడి ఉపగ్రహం గానిమీడ్‌తో మొదలుపెట్టండి. మేఘాల్లేవు, బిలాల అంచులు పదునుగా ఉంటాయి, పట్టీ ఎక్కడ జరిగిందో కంటికి ఇట్టే తెలుస్తుంది. ముందు ఆకుపచ్చ పట్టీలు ఒక్కటే పేర్చండి. నాసా కూడా ఆ చిత్రాన్ని మొదట ఒక్క ఆకుపచ్చ ఫిల్టర్‌తోనే విడుదల చేసింది. బిలాలు గుండ్రంగా నిలిచాక ఎరుపు, నీలం కలపండి.