రాజోలి నేత గద్వాల పట్టు: డబ్బుకు కటకటగా ఉన్న ఏడాదిలో కొన్న ముహూర్తం చీర

మా అమ్మాయి ముహూర్తం చీరకు 18,500 రూపాయలు పెట్టాం. రాజోలిలో, నేసినవాళ్ల ఇంట్లోనే కొన్నాం. మీగడ రంగు ఒళ్లు, కుంకుమ రంగు అంచు, అంచు పొడవునా కోట శిఖరాల వరసలాంటి కోటకొమ్మ, కొంగు నిండా జరీ. ఒళ్లూ అంచూ అంతా పట్టే, జరీ మాత్రం ప్యూర్ కాదు, హాఫ్‌ఫైన్. ఇలాంటి ఏడాదిలో ఒక్క చీరకు అంత పెట్టాలా అని చాలామంది అడిగారు. నా మాట ఒక్కటే. పెళ్లి బట్టల్లో డబ్బు పోయేది ఈ చీర దగ్గర కాదు, చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరల దగ్గర.

మాది కర్నూలు. మా ఆయనది విత్తనాల కమిషన్ వ్యాపారం. ఊళ్లలో బాకీలు వసూలు కావడం లేదు. అబ్బాయి హైదరాబాద్‌లో ప్రాజెక్టు అయిపోయి, కొత్తది లేక బెంచి మీద ఉన్నాడు, ఎప్పుడు ఏ మెయిల్ వస్తుందోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. దానికితోడు 2025లో పది గ్రాముల బంగారం లక్ష దాటేసింది, నగల లెక్క తలకిందులైంది. ఇక తగ్గించుకోగలిగేది బట్టల్లోనే అని పద్దులు రాసుకుని కూర్చున్నాం. పెట్టుబడి చీరల పద్దు చూస్తే గుండె గుభేల్‌మంది. ఒక్కోటి ఎనిమిది వందలు, వెయ్యి. తోడికోడళ్లు, మేనత్తలు, పిన్నులు, వియ్యాలవారి వైపు వాళ్లు, మా ఆయన స్నేహితుల భార్యలు... కలిపితే ముహూర్తం చీరకు మూడింతలు తేలింది. వాటిని కట్టుకునేవాళ్లు ఎవరు? కవరు కూడా విప్పరు, ఇంకో పెళ్లిలో ఇంకొకరి చేతిలో పెడతారు. ఆ పద్దు కొట్టేశాం. సొంత ఆడపడుచులకు మాత్రం కట్టుకునే చీరలు పెట్టి, మిగతావాళ్లకు తాంబూలంలో చేనేత జాకెట్ ముక్క ఇచ్చాం. మా అత్తగారి చెల్లెలు "ఏమ్మా, జాకెట్ ముక్కతో సరిపెడతావా?" అని అందరి ముందూ అడిగేసింది. "ఈసారికి ఇంతే పిన్నీ, చేతిలో లేదు" అన్నాను. ఆ మాట పైకి అనడానికి మన ఇళ్లలో ఎందుకంత సిగ్గుపడతామో నాకు అర్థం కాదు.

రాజోలికి ముందు హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూమ్‌కు వెళ్లాం. కాఫీ ఇచ్చారు, పరుపు మీద కూర్చోబెట్టారు, చీర మీద చీర విప్పారు. దాదాపు ఇదే రంగుల జోడీకి 29,000 చెప్పారు. జరీ ఏ రకం అని అడిగితే "ప్యూరే మేడమ్" అన్నారు. ఆ మాట బిల్లు మీద రాసివ్వమంటే కంప్యూటర్‌లో ఐటమ్ పేరు తప్ప ఇంకేమీ రాదన్నారు. వెంటనే ఈఎంఐ మాట ఎత్తారు. లేచి వచ్చేశాం. నోటితో చెప్పి కాగితం మీద పెట్టని మాటకు నేను పదివేలు ఎక్కువ ఇవ్వను.

రాజోలి తుంగభద్ర ఒడ్డున ఉంది, జోగులాంబ గద్వాల జిల్లా. 2009 అక్టోబర్ వరదలో మా కర్నూలు లాగే మునిగింది. గద్వాల చీర అంటే గద్వాల పట్నంలోనే నేస్తారనుకుంటారు గానీ రాజోలి, అయిజ లాంటి చోట్లా మగ్గాలు ఆడుతున్నాయి. మేం వెళ్లిన ఇంట్లో ముందుగదిలోనే గుంట మగ్గం. భార్యాభర్తలిద్దరూ పనిలో ఉన్నారు.

నన్ను కట్టిపడేసింది అంచు కలిసే చోటు. మామూలు చీరలో పేక, అంటే అడ్డదారం, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకటే పోతుంది. గద్వాల్లో అలా కాదు. పేక దారాన్ని అటూ ఇటూ తిప్పే నాడె ఒంటికి ఒకటి, రెండు అంచులకూ రెండు. ఒంటి పేక, అంచు పేక కలిసే చోట ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. ప్రతి వరసకూ అంతే. అందుకే మీగడ రంగు అంచులోకి పాకదు, కుంకుమ రంగు ఒంట్లోకి రాదు. గీత గీసినట్టు ఉంటుంది. "తిరగేసి చూడక్కా" అని నేసే ఆయన చీర వెనకవైపు చూపించాడు. ఆ కలయిక దగ్గర సన్నటి రంపపు పళ్లలాగా వరస కనబడింది. గోటితో తడిమితే తెలుస్తుంది. మీరు ఎక్కడ కొన్నా ముందు అంచు తిరగేసి ఆ వరస కోసం చూడండి. కొంగు రంగు మారే చోట పాత పడుగు (నిలువు) పోగులకు కొత్త రంగు పోగులు ఒక్కొక్కటిగా కలిపి ముడేస్తారు. ఆ పని ఆయన భార్య చేస్తోంది, తల ఎత్తకుండానే మాతో మాట్లాడింది.

జరీ సంగతి అతనే తేల్చి చెప్పాడు. ప్యూర్ జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత. హాఫ్‌ఫైన్‌లో వెండి తీగ బదులు వెండి పూత పూసిన రాగి తీగ ఉంటుంది. 2025లో కిలో వెండి కూడా లక్ష దాటింది కదా, ప్యూర్ జరీ చీర ధర దానితో పాటే ఎగిరింది. "కావాలంటే నేసిస్తానక్కా. కానీ పెరిగే డబ్బులు వెండికి పోతాయి, మా కూలికి రావు" అన్నాడు. నేను హాఫ్‌ఫైన్ ఖాయం చేసుకుంది ఆ మాట మీదే. మెరుపులో తేడా పక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. ఏళ్లు గడిచాక నల్లబడే అవకాశం మాత్రం హాఫ్‌ఫైన్‌కే ఎక్కువ, అది తెలిసే తీసుకున్నాం. పట్టు నిజమో కాదో చూడమని కొంగు చివర వేలాడే పోగులు రెండు తుంచి అగ్గిపుల్ల అంటించాడు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోయింది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.

లోపాలు కూడా చెప్పాలి. చీర చెప్పిన గడువుకు అందలేదు. వానలకు మగ్గం గుంటలో చెమ్మ చేరి పని ఆగింది. ఫోన్ చేసి చెప్పారు గానీ, పెళ్లి దగ్గర పడుతుంటే మాకు గాభరా తప్పలేదు. వానాకాలంలో ఆర్డర్ ఇచ్చేవాళ్లు గడువు బాగా ముందుకు పెట్టుకోండి. అంచు రంగు మేం చూసిన నమూనా కంటే ఒక ఛాయ ముదురు వచ్చింది. పొడవు చేతుల జాకెట్‌కు ఇచ్చిన ముక్క చాలలేదు. బిల్లు చేతిరాతే, అయితే "పట్టు, హాఫ్‌ఫైన్ జరీ" అని స్పష్టంగా రాసిచ్చారు. నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం ఉండదు. ఈ ఇబ్బందులన్నీ వద్దనుకుంటే అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ లేబుల్ ఉన్న చీరలు చేనేత సహకార సంఘాల షోరూముల్లో చూడండి. ఆగస్టు 7 చేనేత దినోత్సవం చుట్టుపక్కల రిబేటు ఇస్తుంటారు.

పెళ్లిరోజు తెల్లవారుజాము నుంచి అప్పగింతల దాకా మా అమ్మాయి ఆ చీరలోనే ఉంది. బరువనలేదు, జరీ గుచ్చుకుందనలేదు, కుచ్చిళ్లు చెదరలేదు. గద్వాల నేత తేలికదనం గురించి వినడమే గానీ, పీటల మీద అన్ని గంటలు కూర్చున్న పిల్ల మొహంలో నాకు కళ్లారా కనబడింది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా స్వామివారికి సమర్పించే ఏరువాడ జోడు పంచెలు వెళ్లేది గద్వాల నుంచే. ఆ నేత మా ఇంటి పెళ్లిలో పీటల మీదకు రావడం నాకు చాలా తృప్తిగా ఉంది. రిసెప్షన్‌కు అమ్మాయి లెహంగా అడిగింది. కుట్టిన బట్ట 2,500 దాటితే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం, చీరకైతే 5 శాతమే. ఒక్క పూటకు కట్టే లెహంగా అద్దెకు తెచ్చాం.

అప్పు చేసి మాత్రం ఈ చీర కొనకండి. పట్టు అంచు, పట్టు కొంగు ఉండి ఒళ్లు నూలుగా ఉండే సీకో గద్వాల మాకు అదే ఇంట్లో 6,500కు చూపించారు. అంచు నేత అదే, కోటకొమ్మ అదే. మా చిన్నాడపడుచుకు అదే పెట్టాం, పెళ్లిలో అది ఎక్కడిదని అడిగినవాళ్లు బోలెడు మంది.

కొన్నవాళ్లు చీరను హ్యాంగర్‌కు వేలాడదీయకండి, కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. పాత నూలు పంచెలో చుట్టి, అప్పుడప్పుడూ మడత మార్చి పెట్టండి.