ఇంకో రెండు రాత్రులు ఉండండి

మా వదినా వాళ్ళది హన్మకొండ. తిరుపతికి ఇప్పటికి ఏడుసార్లు వచ్చారు. ఏడుసార్లూ ఒకటే తీరు. తెల్లారి రైలు దిగడం, కొండెక్కడం, దర్శనం చేసుకోవడం, లడ్డూలు సర్దుకోవడం, మర్నాడు సాయంత్రానికి మళ్ళీ రైలు. మా ఊళ్ళో ఏం చూశారని ఎవరైనా అడిగితే స్టేషనూ, బస్టాండూ, అలిపిరి తప్ప చెప్పడానికి వాళ్ళకు ఇంకేమీ లేదు. ఈసారి కార్తీకంలో మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు ఆరు దొరికాయని ఫోన్ చేయగానే పట్టుబట్టాను. "వదినా, తిరుగు టికెట్ శనివారానికి తీయండి. నాకు ఇంకో రెండు రాత్రులు ఇవ్వండి" అన్నాను. "ఏమున్నదమ్మా అక్కడ చూడటానికి?" అంది వదిన. ఆమె మామూలుగానే అంది కానీ నాకు ఆ మాట గుచ్చుకుంది.

నేను జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. పర్యాటకం అనే పాఠం వచ్చినప్పుడల్లా పిల్లలకు ఫ్రాన్స్ లెక్క చెబుతాను. 2024లో ఫ్రాన్స్‌కు పది కోట్ల మంది విదేశీయులు వెళ్ళారు. ప్రపంచంలో అంతమంది ఇంకే దేశానికీ వెళ్ళలేదు. కానీ వచ్చిన వాళ్ళ నుంచి సంపాదించడంలో మొదటి స్థానం అమెరికాది, రెండోది స్పెయిన్‌ది. ఫ్రాన్స్ వాటి వెనకే ఉంది. స్పెయిన్‌కో ఇటలీకో పోతూ దారిలో ఒకటి రెండు రోజులు ఆగి వెళ్ళిపోయే వాళ్ళు ఫ్రాన్స్‌లో ఎక్కువ మరి. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు మా ఊరే గుర్తుకొస్తుంది. కొండ మీదికి రోజుకు అరవై, డెబ్బై వేల మంది వస్తారు, సెలవుల్లో ఇంకా ఎక్కువ. దేవస్థానం బడ్జెట్టే ఏడాదికి 5 వేల కోట్లు దాటింది. వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది మాత్రం మర్నాటికి ఊరు దాటేస్తారు.

అందుకే మేనకోడలి చేతికి ఒక నోటుబుక్ ఇచ్చి, "ఖర్చు రాయి. ఎంతైందో ఒక్కటే కాదు, ఎవరి చేతికి పోయిందో కూడా రాయి" అన్నాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల, ఇలాంటి పనంటే ఇష్టం.

బుధవారం వచ్చారు. మాది రెండు గదుల ఇల్లు, ఆరుగురికి సరిపోదు. స్టేషన్ దగ్గర్లో ఒక లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం, ఒక్కోటి 2,400. గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్ళు మనిషికి ఒక బకెట్టే అన్నారు. 24 గంటలకు అని చెప్పి గది ఇచ్చిన వాళ్ళు మర్నాడు పొద్దున ఆరింటికే తలుపు కొట్టి ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగారు. మేం దిగింది ఎనిమిదింటికి. అన్నయ్యకు బీపీ, పొద్దున్నే ఆ టెన్షన్ పడాల్సి వచ్చింది. మీరు వచ్చేటట్టయితే దేవస్థానం వారి విష్ణు నివాసం, శ్రీనివాసం, మాధవం వసతి గృహాల్లో గది కోసం ముందుగా ప్రయత్నించండి. దొరకడం కష్టమే, దొరికితే మాత్రం ఈ గొడవలేవీ ఉండవు.

కొండ మీద ఏర్పాట్ల గురించి మనసారా చెప్పాలి. మేనకోడలూ, తమ్ముడూ అలిపిరి నుంచి 3,550 మెట్లు నడిచి ఎక్కారు. వాళ్ళ బ్యాగులు కింద తీసుకుని పైన అప్పగించారు, దానికి పైసా తీసుకోలేదు. మిగతా వాళ్ళం బస్సులో వెళ్ళాం. దర్శనానికి మూడున్నర గంటలు పట్టింది. తర్వాత వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వేడి వేడి అన్నం, సాంబారు, చక్కెర పొంగలి. వేల మందికి వడ్డిస్తూ కూడా మా పెద్దత్త రెండోసారి రసం అడిగితే "ఉండండమ్మా" అని వెనక్కి వచ్చి మరీ పోశాడు ఆ అబ్బాయి. డబ్బు పెట్టినా దొరకని మర్యాద అది.

రాత్రి నోటుబుక్ చూశాం. దర్శనం టికెట్లు 1,800, అదనపు లడ్డూలు 500, టిఫిన్లూ టీలూ 1,900, ఆటోలూ బస్సులూ 600, లాడ్జి 4,800. మొత్తం 9,600. అందులో సగం లాడ్జికే పోయింది. మామూలుగా అయితే వాళ్ళ తిరుపతి ప్రయాణం ఇక్కడితో అయిపోయేది.

గురువారం కారు మాట్లాడుకుని రేణిగుంట దాటి గుడిమల్లం వెళ్ళాం. దారిలో పాపానాయుడుపేట. గాజు పూసలకు పేరున్న ఊరు. ఆగి దండలు కొన్నాం. అక్కణ్ణుంచి గుడిమల్లం దగ్గరే. స్వర్ణముఖి ఒడ్డున చిన్న పల్లె, పరశురామేశ్వరుడి గుడి. ఇక్కడి లింగం క్రీస్తుకు ముందు ఒకటి, రెండు శతాబ్దాల నాటిదని పండితులు చెబుతారు. మన దేశంలో దొరికిన అతి పాత శివలింగాల్లో ఇదొకటి. అయిదడుగుల రాయి. ముందువైపు శివుడు వేటగాడిలా నిలబడి ఉంటాడు, చేతిలో పొట్టేలు, కాళ్ళ కింద కుదురుగా కూర్చున్న ఒక మనిషి. గర్భగుడి నేల మనం నిలబడే చోటుకన్నా లోతుగా ఉంటుంది కాబట్టి కాస్త వంగి చూడాలి. మేం ఉన్న ముప్పావు గంటలో మాతోపాటు ఇంకో కుటుంబం మాత్రమే ఉంది, అదీ కార్తీకంలో. వదిన దీపం పెట్టుకుని చాలాసేపు అక్కడే కూర్చుంది. "ఇంత ప్రశాంతంగా దేవుణ్ణి ఎప్పుడు చూశానో గుర్తులేదు" అంది. గుడి బయట మాత్రం టీకొట్టు లేదు. ఆ రోజు మాకు కనబడినంతలో తాగడానికి నీళ్ళూ లేవు. ఊళ్ళో ఒకావిడ బిందెతో తెచ్చి ఇచ్చింది. రెండు వేల ఏళ్ళ శిల్పాన్ని కాపాడుతున్న ఆ ఊరికి యాత్రికుడు ఒక కప్పు టీ డబ్బులైనా ఇచ్చిపోయే వీలు లేకపోవడం నాకు బాధగా అనిపించింది.

శ్రీకాళహస్తిలో జనం కిటకిటలాడుతున్నారు. రాహుకేతు పూజ కోసం దేశం నలుమూలల నుంచీ వస్తారు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మేలో కూలిపోయింది. ఇప్పుడు ఉన్నది కొత్తగా కట్టి 2017లో కుంభాభిషేకం చేసినది. దర్శనం గంటన్నరలో అయిపోయింది. ఆ తర్వాత వెళ్ళిన చోటు గురించే ఎక్కువ చెప్పాలి.

గుడి వీధుల్లో కలంకారీ అని అమ్మే చున్నీలు చాలావరకు అచ్చు వేసినవి. 350 రూపాయలకు దొరుకుతాయి. మా కాలేజీలో చదివిన ఒక విద్యార్థిని వాళ్ళ నాన్న చేత్తో వేస్తారు. వాళ్ళింటికి తీసుకెళ్ళాను. వసారాలో గుడ్డ పరిచి ఉంది. పాలూ, కరక్కాయ రసమూ కలిపి నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటారు. తర్వాత కలం. అది సన్నటి వెదురు పుల్ల, మొన దగ్గర గుడ్డపీలికలు చుట్టి దారంతో బిగించి ఉంటుంది. ఆయన దాన్ని కసిం కుండలో ముంచారు. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్ళల్లో వారాల తరబడి ఊరితే కసిం అవుతుంది. కలం మీద రెండు వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీత లాగారు. గీసినప్పుడు పల్చగా, టీ నీళ్ళలా ఉంది. మేం చూస్తుండగానే కరక్కాయ తగిలి నల్లబడింది. మేనకోడలు నోరు తెరుచుకుని చూసింది. ఎరుపు రావాలంటే పటిక పూయాలి, వేళ్ళ రంగులో ఉడకబెట్టాలి, ఏట్లో జాడించాలి. ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుందని అన్నయ్య అడిగితే ఆయన "బొమ్మను బట్టి సార్, నెల కూడా పడుతుంది" అన్నారు. మాకు బేరమాడబుద్ధి కాలేదు. ఒక దుప్పట్టా, గోడకు పెట్టుకునే ఒక బొమ్మ, మొత్తం 6,400. నోటుబుక్‌లో 'ఎవరికి' అన్న చోట మేనకోడలు మొదటిసారి ఒక మనిషి పేరు రాసింది.

శ్రీకాళహస్తి కలంకారీకి, ఫలానా ఊరి సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. తిరుపతి లడ్డూకీ ఉంది. లడ్డూ గురించి తెలియని వాళ్ళు లేరు. కలం పట్టే చేతులు ఇక్కడికి నలభై కిలోమీటర్లలోపే ఉన్నాయని కొండకొచ్చే వాళ్ళలో ఎంతమందికి చెప్పే వాళ్ళున్నారు?

ఆ రాత్రి లాడ్జి వద్దనుకున్నాం. చంద్రగిరి దగ్గర మామిడి తోటలో ఒక కుటుంబం రెండు గదులు అద్దెకిస్తుంది. గదికి 1,800, టిఫిన్ కలిపి. ఏసీ లేదు, కార్తీకం చలిలో అవసరమూ పడలేదు. దోమలు బాగానే ఉన్నాయి, దోమతెర అడిగితే ఇచ్చారు. బాత్రూం గదికి బయట ఉండడం పెద్దవాళ్ళకు కొంచెం ఇబ్బంది. తోటావిడ రాగి సంకటి, వంకాయ కూర, చెనిక్కాయల (వేరుశనగల) ఊరిబిండి పచ్చడి పెట్టింది. కార్తీకం కాబట్టి నాటుకోడి మాట ఎవరూ ఎత్తలేదు. వదిన సంకటి ఎప్పుడూ తినలేదు, రెండు ముద్దలు తినింది.

తిన్నాక అరుగు మీద కూర్చున్నాం. మేనకోడలు నిరుడు స్నేహితులతో థాయ్‌లాండ్ వెళ్ళొచ్చింది. 2023 నవంబర్‌లో మనవాళ్ళకు అక్కడ వీసా అక్కర్లేదన్నారు కదా. "అత్తా, అక్కడ రోడ్డు పక్క బండివాడి దగ్గర తిన్నా, పడవ ఎక్కినా, మసాజ్ చేయించుకున్నా డబ్బులు నేరుగా వాళ్ళకే పోతాయి. ఏ రోజు ఎక్కడికి పోవాలో వాళ్ళే చెబుతారు. మనకు ఇంకో రోజు ఉండాలనిపిస్తుంది" అంది. 2019లో ఆ దేశానికి దాదాపు నాలుగు కోట్ల మంది వెళ్ళారు. భూటాన్ అయితే లెక్కే రాత్రుల్లో కడుతుంది. విదేశీయుడికి రాత్రికి వంద డాలర్లు, మనకు 1,200 రూపాయలు. తక్కువ మందిని రానిచ్చి అడవినీ ఊళ్ళనూ కాపాడుకునే పద్ధతి అది.

అన్నయ్య శ్రీలంక సంగతి ఎత్తారు. 2018లో ఆ చిన్న ద్వీపానికి 23 లక్షల మంది వచ్చారు, 400 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది. 2019 ఈస్టర్ రోజు పేలుళ్ళు, ఆ వెంటనే కరోనా. వచ్చేవాళ్ళు ఆగిపోయారు, డాలర్లు ఆగిపోయాయి. 2022లో పెట్రోలు కొనడానికి కూడా డబ్బు లేక జనం రోజుల తరబడి క్యూల్లో నిలబడ్డారు. అప్పులూ తప్పుడు నిర్ణయాలూ కూడా కారణమే, పర్యాటకం దెబ్బతినడం ఒక్కటే కాదు. అయినా ఒక్కదాని మీదే ఆధారపడితే ఎంత ప్రమాదమో అక్కడ తెలిసింది. కరోనా రోజుల్లో దర్శనాలు ఆపేసినప్పుడు మా తిరుపతి వీధులు నేను చూశాను. తెలిసిన ఆటో అన్న ఒకాయన బండి అమ్ముకుని కూరగాయలు పెట్టుకున్నాడు. అందరి బతుకూ ఒక్క కొండనే పట్టుకుని వేలాడుతుంటే ఇలాగే ఉంటుంది. గుడిమల్లంలోనూ, కాళహస్తిలోనూ, తలకోన జలపాతం దగ్గరా నాలుగు రూపాయలు పుట్టాలని నేను అనేది అందుకే.

శుక్రవారం తలకోన. చంద్రగిరి రాజమహల్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, అందుకే దాన్ని శనివారానికి ఉంచాం. మీరూ అలాగే చూసుకోండి. భాకరాపేట, నెరబైలు మీదుగా వెళ్ళాం. జలపాతం 270 అడుగులు, మన రాష్ట్రంలో అంతకంటే ఎత్తైనది లేదు. వానాకాలం అయిపోయాక వెళ్తేనే నీళ్ళు బాగుంటాయి. సిద్ధేశ్వరస్వామి గుడి నుంచి మెట్ల దారి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు కష్టం. పెద్దత్తా అన్నయ్యా గుడి దగ్గరే ఆగిపోయారు. ఫోన్ సిగ్నల్ అందదు, డబ్బులు చేతిలో ఉంచుకోండి. రాళ్ళ మధ్య చిప్స్ కవర్లూ సీసాలూ చూసి కడుపు మండింది. గేటు దగ్గర రుసుము తీసుకుంటున్నారు, సంతోషమే. ఆ డబ్బుతో చెత్త ఎత్తడానికి ఇంకో నలుగురిని పెడితే ఆ పల్లెవాళ్ళకే పని దొరుకుతుంది.

శనివారం పొద్దున రాజమహల్. మూడంతస్తుల భవనం, కట్టడంలో కలప వాడలేదు, రాయీ ఇటుకా సున్నమే. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి ఇది. 1639లో ఆంగ్లేయులకు మద్రాసు నేల దక్కింది చంద్రగిరి రాజుల కాలంలోనే. ఆ సంగతి చెప్పగానే అన్నయ్య లోపలి విగ్రహాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టారు. గైడ్ లేడు, బోర్డుల మీద రాసింది చాలా తక్కువ. తెలిసినవాళ్ళు పక్కన లేకపోతే అరగంటలో బయటికొచ్చేస్తారు.

మధ్యాహ్నం తోటలో సామాన్లు సర్దుకుంటూ లెక్క చూశాం. లాడ్జి వదిలాక మూడు రోజుల్లో 29,200. కారుకు 9,000, తోట గదులకు 7,200, భోజనాలకు 4,500, కలంకారీకి 6,400, పూసలకు 900, తలకోనలో 1,200. "ఇవన్నీ మనుషుల పేర్లే అత్తా" అని మేనకోడలు పుస్తకం తిప్పి చూపించింది.

కారు కదులుతుంటే తోటావిడ పరుగున వచ్చి వదిన ఒళ్ళో ఒక సంచి పెట్టింది. వేయించిన చెనిక్కాయలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. వదిన పర్సు తీసింది. "దుడ్లు వద్దులేమ్మా, మా చేలో కాసినవే. మామిడికాయల కాలంలో రండి" అందావిడ.

స్టేషన్‌కు వెళ్ళే దారంతా చెనిక్కాయలు ఒలుస్తూనే ఉన్నాం. మేనకోడలు పుస్తకం తెరిచి చివరి వరుసలో 'చెనిక్కాయలు' అని రాసి, ఎంత అన్న చోట ఏమీ వేయకుండా, ఎవరికి అన్న చోట ఆవిడ పేరు రాసింది.