మెడికేర్ 2026: పెరిగిన ప్రీమియం, మా ఇంటి లెక్క

అమెరికాలో అరవై ఐదు దాటినవాళ్ళకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్. అందులో డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బి ప్రీమియం ఈ జనవరి నుంచి నెలకు 202.90 డాలర్లు. నిరుడు 185. సోషల్ సెక్యూరిటీ పింఛను 2.8 శాతం పెంచారని సంబరపడేలోపే అందులోంచి కోసేసుకున్నారు. నెలకు 1,400 వచ్చేవాళ్ళకు పెరిగింది 39 డాలర్ల చిల్లర. దాంట్లో 17.90 ప్రీమియానికే పోయింది. మిగిలినదాంతో సోనా మసూరి బస్తా వస్తే గొప్పే.

మేం డాలస్ దగ్గర ఉంటాం. ఇద్దరికీ ప్రభుత్వమే నేరుగా కట్టే ఒరిజినల్ మెడికేర్, దానికి తోడు మన వాటా కట్టే ప్రైవేటు బీమా మెడిగ్యాప్ ప్లాన్ జి, మందులకు వేరేగా పార్ట్ డి. ఇన్నెందుకు అని మా అబ్బాయి విసుక్కుంటాడు. వాడికి ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి విసుక్కోగలడు.

ముందు మంచి చెప్పాలి. నిరుడు మావారికి మోకాలు మార్పిడి జరిగింది. డాక్టర్ని మేమే ఎంచుకున్నాం, రిఫరల్ గొడవ లేదు. తర్వాత మెడికేర్ నుంచి నోటీసు వచ్చింది. ఒక వరసలో ఆస్పత్రి వేసిన బిల్లు, చూస్తే గుండె జారింది. పక్క వరసలో మెడికేర్ ఒప్పుకున్న మొత్తం, అది చాలా తక్కువ. మా వాటా మిగతాదంతా ప్లాన్ జి కట్టింది. మా చేతి నుంచి పోయింది పార్ట్ బి డిడక్టబుల్, అంటే బీమా కట్టడం మొదలయ్యేలోపు ఏటా మనం పెట్టుకోవాల్సిన మొత్తం, 257 డాలర్లే. ఈ ఏడాది అది 283 అయిందనుకోండి. ఫిజియోథెరపీకి వెళ్ళినన్నాళ్ళూ ఎవరూ కార్డు గీకమనలేదు.

అందుకే ప్రీమియం పెరిగిందని ఎవరైనా గోల పెడితే నేను సగమే తలూపుతాను. 2021లో 148.50 ఉన్నది 2022లో ఒక్కసారిగా 170.10కి ఎగబాకింది. అల్జీమర్స్‌కి కొత్తగా వచ్చిన ఆడుహెల్మ్ అనే మందుకు ఖర్చు విపరీతంగా అవుతుందని ముందే డబ్బు పక్కన పెట్టడం దానికి ఒక ముఖ్య కారణం. మందు ధర సగానికి తగ్గింది, మెడికేర్ కూడా అందరికీ ఇవ్వలేదు. దాంతో 2023లో ప్రీమియం 164.90కి దిగింది. పెంచినవాళ్ళు తగ్గించడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ తర్వాత 174.70, 185, ఇప్పుడు ఇది.

అసలు టెన్షన్ ఇంకోచోట ఉంది. ఆదాయం ఎక్కువైతే ప్రీమియం మీద అదనంగా వేస్తారు, దాన్ని ఇర్మా అంటారు. చూసేది రెండేళ్ళ కిందటి ట్యాక్స్ రిటర్న్. మా బావగారు 2024లో విజయవాడ దగ్గర స్థలం అమ్మారు. లాభం ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి కదా, చూపించారు. దాంతో ఆ ఏడాది ఇద్దరి ఆదాయం 2,18,000 డాలర్లు దాటింది. ఇప్పుడు చెరొకరికీ నెలకు 284.10 పడుతోంది. పైగా పార్ట్ డి మీద 14.50. రిటైరైతేనో, భర్తో భార్యో పోతేనో సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఎస్ఎస్ఏ-44 ఫారం పెట్టి తగ్గించమని అడగొచ్చు. మనంతట మనం స్థలం అమ్మితే అది లెక్కలోకి రాదు. మన ఊళ్ళో ఆస్తి ఉన్నవాళ్ళు అమ్మే ఏడాదిని ఒకసారి ట్యాక్సులు చూసే సీపీఏతో మాట్లాడి ఖాయం చేసుకోండి. ఆ అదనం ఏడాదే ఉంటుంది, మళ్ళీ దిగుతుంది, కానీ ఈ ఏడాది అక్కయ్య ఫోన్‌లో వేరే సంగతే ఎత్తడం లేదు.

మందుల వైపు మాత్రం నిజంగా మెరుగైంది. పార్ట్ డిలో మన జేబు ఖర్చు 2025లో ఏడాదికి 2,000 డాలర్ల దగ్గర ఆగేది, ఈసారి 2,100. ఇన్సులిన్ నెలకు 35 దాటదు. కానీ ప్లాన్ అమ్మేది ప్రైవేటు కంపెనీలు. సెప్టెంబరు చివర్లో వాళ్ళు పంపే మార్పుల ఉత్తరాన్ని చాలామంది మెయిల్ బాక్స్ నుంచి నేరుగా చెత్తలో వేస్తారు. నిరుడు ఆ ఉత్తరంలోనే మావారి షుగర్ బిళ్ళని ఖరీదైన వరసలోకి మార్చినట్టు చూశాను. అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 లోపల మెడికేర్ సైట్‌లో మందుల పేర్లన్నీ కొట్టి వేరే ప్లాన్‌కి మారాం. ఏజెంటుతో పని పడలేదు.

ఏజెంట్లంటే గుర్తొచ్చింది, శరదృతువు రాగానే గుడి దగ్గర టేబుళ్ళు వేసేస్తారు. సున్నా ప్రీమియం, పళ్ళు, కళ్ళజోడు, జిమ్ అంటూ, ఒరిజినల్ మెడికేర్ బదులు ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ గురించి ఊదరగొడతారు. సున్నా అన్నా పార్ట్ బి 202.90 కట్టాల్సిందే, ఆ మాట చివర్లో చెబుతారు. ఆరు నెలలు దాటి ఇండియాలో ఉంటే సాధారణంగా ఆ ప్లాన్‌లోంచి తీసేస్తారు. ఒరిజినల్ మెడికేర్ కూడా ఇండియా ఆస్పత్రికి కట్టదు. మా ప్లాన్ జి అయితే ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో వచ్చే ఎమర్జెన్సీకి 250 డిడక్టబుల్ పోను 80 శాతం ఇస్తుంది, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా. సంక్రాంతికి వెళ్ళొచ్చేవాళ్ళకు అది చాలు. ఇంకో సంగతి, టెక్సస్‌లో పార్ట్ బి మొదలైన ఆరు నెలల తర్వాత మెడిగ్యాప్ అడిగితే ఆరోగ్యం గురించి ప్రశ్నలు వేసి కాదనొచ్చు. ప్లాన్ జి ప్రీమియం కూడా ఏటా పెరుగుతోంది, అయినా వదలకపోవడానికి మాకు అదే కారణం.

పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నల సంగతి వేరు. ఇక్కడ పదేళ్ళ పని లేకపోతే, భార్యాభర్తల్లో ఇంకొకరికీ లేకపోతే, అరవై ఐదు దాటినవాళ్ళు ఇక్కడ వరసగా ఐదేళ్ళు ఉండి ఉంటే మెడికేర్ కొనుక్కోవచ్చు. ఇక్కడ అసలు పనే చేయనివాళ్ళకు ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఒక్కదానికే నెలకు 565, దానిమీద పార్ట్ బి. ఇద్దరికీ కలిపి 1,500 పైమాటే. మా పక్కింటి పిల్లలు అది కట్టలేక వాళ్ళ నాన్నగారికి ఒబామాకేర్ కింద దొరికే మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకున్నారు.