సోషల్ స్కిల్స్ క్లాసులు: మావాడి అనుభవం, నా మార్కులు

మావాడికి 19 ఏళ్లు. ఆటిజం ఉంది. 13వ ఏట నుంచి హైదరాబాదులో రెండుచోట్ల సోషల్ స్కిల్స్ క్లాసులకు, అంటే నలుగురితో ఎలా మెలగాలో నేర్పే క్లాసులకు, తిప్పాను. "చేర్పించమంటారా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే రాస్తున్నాను.

మొదటిచోట రెండేళ్లు. కళ్లలోకి చూడటం, చేతులు ఆడించకుండా కూర్చోవడం (ఆటిజం ఉన్న చాలామందికి అలా ఆడించడమే ఊరట), పలకరింపులు. మావాడు అన్నీ ఒప్పజెప్పేవాడు. మా మామగారు పోయినప్పుడు, పరామర్శకు వచ్చిన ప్రతివారికీ గుమ్మంలోనే ఎదురెళ్లి "రండి, బాగున్నారా? భోజనం చేశారా?" అన్నాడు. చావింట్లో "రండి" అనకూడదని క్లాసువాళ్ల చార్టులో లేదు మరి. అయినా టీచరు పెట్టే టిక్కులు చూసి నేనూ మురిసిపోయినదాన్నే.

ఒకరాత్రి అన్నం కలుపుకుంటూ వాడే చెప్పాడు. "కళ్లలోకి చూస్తూ మూడు లెక్కపెడతానమ్మా. తర్వాత పక్కకు చూసి రెండు. లెక్కపెడుతుంటే వాళ్లు చెప్పేది వినపడదు." క్లాసు ఉన్న సాయంత్రాల్లో దుప్పటి ముసుగేసుకుని పలకకుండా ఎందుకు పడుకునేవాడో అప్పుడు తెలిసింది. మర్నాడే మాన్పించాను. ఆటిజాన్ని ఇలా కప్పిపుచ్చుకుంటూ నెట్టుకురావడానికీ, ఆందోళనకూ కుంగుబాటుకూ సంబంధం ఉందని పరిశోధనల్లో చదివింది ఆ తర్వాతే.

రెండోచోట నేర్పింది పీర్స్ (PEERS) అనే పద్ధతి. అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాగెసన్ బృందం రూపొందించినది. వారానికి గంటన్నర, తల్లిదండ్రులకు వేరుగా క్లాసు. ఫోనులో మాట ఎలా ముగించాలి, వెక్కిరించేవాడికి ఒక్కముక్కలో ఏం చెప్పాలి వంటివి నేర్పారు. "అయితే ఏమిటి?" అనడం వచ్చాక కాలేజీ బస్సులో ఏడిపించేవాళ్లు తగ్గారు. ఇది మావాడు తనంతట తాను కావాలని అడిగి నేర్చుకున్నది.

స్నేహితుడు మాత్రం ఆ క్లాసు బయట వరండాలో దొరికాడు. ఇద్దరికీ సీలింగ్ ఫ్యాన్లంటే ప్రాణం. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, తలలు పైకెత్తి, రెక్కల కోణం గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. లోపల నేర్పిన సూత్రం ఒక్కటీ పాటించలేదు! తానూ ఆటిజం ఉన్నవాడే అయిన బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే రాశాడు, ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య అర్థం చేసుకోలేకపోవడం రెండువైపులా ఉంటుందని. మనం ఒకవైపు వాళ్లకే ట్యూషన్ పెట్టిస్తున్నాం.

రెండోదానికి ఐదుకు మూడు ఇస్తాను. మొదటిదానికి సున్నా. చేర్పించబోయేవాళ్లు ఫీజు సంగతి ఎత్తకముందే, పిల్లవాడు చేతులు ఆడిస్తే ఏం చేస్తారని అడగండి. "మాన్పిస్తాం" అంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి.